పదహారు ఓముల పెట్టె

ఖరగ్‌పూర్,
1968 జూన్ 9.

సుభద్రకి,

మావయ్యకి నా నమస్కారాలు ముందే చెప్పేసి, మిగతాదంతా నువ్వొక్కదానివే చదువుకో.

నిన్న నా చేతికొక వస్తువు వచ్చింది. రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో డాన్సులకి గిటారు వాయించే డిక్రూజ్ దొర ఆస్ట్రేలియా వెళ్ళిపోతున్నాడని రాశాను కదా. ఉన్న సామానంతా తలా ఒకటి ఇచ్చేస్తూ తన గిటారు ఆంప్లిఫయరు నాకిచ్చాడు. 'నువ్వు వాయించు, నేనక్కడ గొర్రెలు కాసుకుంటాను' అన్నాడు ముసలాయన. ఇంగ్లండులో చేసిన సరుకు. వాల్వులన్నీ బాగున్నాయి. కానీ అది ఒట్టి తలే. హెడ్ అంటారు దీన్ని. వాల్వులూ మీటలూ అన్నీ ఇందులో ఉంటాయి, మోగాల్సిన స్పీకర్లు మాత్రం వేరే పెట్టెలో ఉంటాయి. ఆ పెట్టెని ఆయన వరండాలో చెదలు తినేశాయి. ఎత్తబోతే చేతికి మట్టి వచ్చింది. పెట్టె లేకపోతే ఈ తలకి నోరు లేదు.

ఇక్కడెవరినడిగినా కలకత్తా పొమ్మంటున్నారు. నాకు నీ చెయ్యి కావాలి. పెట్టె నువ్వే చేయించు, స్పీకర్లు నువ్వే కలుపు.

తొందరెందుకో చెప్తాను. కలకత్తాలో ఒక పెద్ద హోటలు వాళ్ళు చలికాలానికి కొత్త బ్యాండు కడుతున్నారు. నవంబరులో వచ్చి వాయించి వినిపించమన్నారు. సొంత ఆంప్లిఫయరు ఉండాలట. కుదిరితే ఈ వర్క్‌షాపు గుమాస్తాగిరీకి దణ్ణం పెట్టేస్తాను. రెండేళ్ళ ఒప్పందం. మన పెళ్ళిలో మీ పెదనాన్న 'గిటారేటి, గోక్కోడవేటి' అని నలుగురిలో నవ్వాడు. ఆ నవ్వు నాకింకా చెవిలోనే ఉంది.

నీకిష్టమేనా? నువ్వు కాదనవని తెలుసు, అయినా అడుగుతున్నాను.

నీ బావ,
త్యాగరాజు


విజయనగరం,
జూన్ 16.

బావకి,

ఒక్కదాన్నే చదువుకోమని రాస్తే సరిపోయిందా? నాన్న కళ్ళకి శుక్లాలు ముదిరాక ఉత్తరాలన్నీ నేనే పైకి చదవాలి. డిక్రూజ్ దొర గొర్రెల దాకా చదివి, మిగతాది మింగేశాను. 'అంతేనా, ఇంకేటీ రాయలేదా ఆడు?' అని రెండుసార్లు అడిగాడు. కాయితం అయిపోయిందన్నాను.

గంటస్తంభం దగ్గర మన రేడియో కొట్టు ఎప్పటిలాగే నడుస్తోంది. నాన్న ముందు కూర్చుని ఎవరి రేడియో అయినా అందుకుని, చెవి దగ్గర ఊపి, గంభీరంగా తల పంకించి, తెర వెనక్కి నాకు అందిస్తాడు. నేను అతికి ముందుకి అందిస్తాను. మొన్న ప్లీడరుగారు 'ఈ వయసులో కూడా నరసింగరావు చెయ్యి ఎంత నిలకడో' అని మెచ్చుకుంటే నాన్న మీసం దువ్వుకున్నాడు. తెర వెనక నేను నవ్వు ఆపుకోలేక చీర కొంగు కొరుక్కున్నాను. ఊళ్ళో సగం రేడియోలు ఆడదాని చేతి మీద పాడుతున్నాయని తెలిస్తే ఎంతమంది వెనక్కి పట్టుకుపోతారో.

కలకత్తా సంగతి అడిగావు. మహారాజులా వెళ్ళు. నాకేటి? కొట్టుంది, నాన్నున్నాడు, పైడితల్లమ్మ పండక్కి మైకుసెట్లున్నాయి. ఏడాదిలో వచ్చేస్తానని వెళ్ళి రెండేళ్ళయింది. ఇంకో రెండేళ్ళు ఎంతసేపు?

పనిమాట. హెడ్ వెనక స్పీకరు వైరు గుచ్చే చోట ఎన్ని ఓములని రాసుందో చూసి రాయి. నాలుగా, ఎనిమిదా, పదహారా? అది ఎంతంటే పెట్టె కూడా అంతే ఉండాలి. కలవకపోతే గొంతు పీలగా వస్తుంది, హెడ్ లోపల వేడెక్కి పాడవుతుంది. ఇంకోటి. స్పీకరు తగిలించకుండా స్విచ్చి వెయ్యకు. వేసి మీటావంటే, పుట్టిన కరెంటుకి పోయే దారి లేక ట్రాన్స్‌ఫార్మరు మాడిపోతుంది. నీ ఆత్రం నాకు తెలుసు గనక చెప్తున్నాను.

సుభద్ర


ఖరగ్‌పూర్,
జూన్ 28.

ఒసే సుభద్రా,

పదహారు. ఒక్కటే రంధ్రం, ఒక్కటే అంకె. స్విచ్చి వెయ్యలేదు, ఒట్టు. ట్రంకు పెట్టె మీద పెట్టుకుని రోజూ తువ్వాలుతో తుడుస్తున్నాను. మా మెస్సులో ఎనిమిదిమందిమి ఉంటాం, సాలూరు గంగరాజు దాన్ని చూసినప్పుడల్లా 'నీ పెళ్ళాం ఎప్పుడొస్తాది బావూ, దీనికి మొగుడెప్పుడొస్తాడు?' అని అడుగుతాడు.

గిటారు తీసి, దాని చెక్కకి చెవి ఆనించి వాయించుకుంటున్నాను. అలా అయితే నా ఒక్కడికే వినిపిస్తుంది.

సాయంకాలం పనయ్యాక స్టేషనుకి పోవడం అలవాటైంది. మద్రాసు మెయిలు వచ్చి ఆగుతుంది. రేపు పొద్దున్నకి ఇది మన ఊళ్ళో ఆగుతుంది కదా అనుకుంటాను. ఒక పెట్టె ఎంచుకుని దాని తలుపు మీద చెయ్యి వేస్తాను. అది కదిలేదాకా అలా ఉంచి తీసేస్తాను. టిక్కెట్లు చూసే ఆయన నాకు పిచ్చేమో అనుకుంటున్నాడు.

నీ జుట్టులో సోల్డరు పొగ వాసన ఉండేది. మొదట్లో నాకు నచ్చేది కాదని నీకు తెలుసు. ఇక్కడ వర్క్‌షాపులో ఎవరైనా వైరు అతుకుతుంటే ఇప్పుడు పనిగట్టుకుని వెళ్ళి పక్కన నిలబడుతున్నాను.

త్యాగరాజు


కళింగపట్నం,
ఆగస్టు 11.

బావకి,

దేముడమ్మ చిన్నమ్మ ఇంటి నుంచి రాస్తున్నాను. ఇక్కడ టూరింగ్ టాకీసు మూసేశారని, స్పీకర్లు అమ్ముతారని తెలిసి బస్సెక్కి వచ్చాను. పన్నెండంగుళాలవి రెండు దొరికాయి. ఎండుచేపల కొట్లో మూల పడేసి ఉంచారు. మీటరు పెడితే ఒక్కొక్కటీ ఆరున్నర చూపించింది. అంటే ఎనిమిది ఓముల స్పీకర్లన్న మాట. మీటరు ఎప్పుడూ కొంచెం తక్కువే చెప్తుంది. లోపలి మోగే అట్టలు చిరగలేదు. వాసన మాత్రం వచ్చే ఏడాదికి గానీ వదలదు. హోటల్లో దొరలు నీ పాట వింటూ చేపల కూర కావాలంటే నన్ననకు.

నీ హెడ్‌కి పదహారు కావాలి. ఈ రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి వరసగా కలిపితే ఎనిమిదీ ఎనిమిదీ పదహారు. అదే పక్కపక్కన కలిపితే నాలుగే అవుతుంది. మన మైకు హారన్లన్నీ పక్కపక్కనే కలుపుతాం, వాటి లెక్క వేరు. నీది వరసగానే కలపాలి.

చిన్నమ్మ గుమ్మంలోనే పట్టుకుంది. 'ఒంటిగా వచ్చినావేటే? ఆడేడీ?' అని. పనుందన్నాను. 'పెళ్ళానికన్నా పెద్ద పనేటే ఆడికి?' అంది. నేను పెరట్లోకి పోయి కాళ్ళు కడుక్కున్నాను.

మధ్యాహ్నం తీరానికి వెళ్ళాను. పడవలొచ్చే వేళ. ఆడవాళ్ళు గంపలతో బారుగా నిలబడ్డారు. ఎవరి పడవ వస్తే వాళ్ళు నీళ్ళలోకి పరిగెడుతున్నారు. నేనూ వాళ్ళ పక్కనే చాలాసేపు నిలబడ్డాను. ఒకామె నాకేసి చూసి 'నీదే పడవమ్మా?' అని అడిగింది. ఊరికే చూడ్డానికి వచ్చానన్నాను.

సుభద్ర


ఖరగ్‌పూర్,
సెప్టెంబరు 2.

సుభద్రా,

తారీకు ఖాయమైంది. నవంబరు నాలుగు, సోమవారం. పెట్టె అక్టోబరు ఇరవైకల్లా నా చేతిలో ఉండాలి.

ఒప్పందం కాయితం చూపించారు. ఉండడానికి హోటల్లోనే గది ఇస్తారు, ఇద్దరికొకటి. కుటుంబాలకి వీల్లేదు. చలికాలమంతా సెలవు దొరకదు. వేసవిలో అయినా వద్దామంటే డార్జిలింగులో వాళ్ళదే ఇంకో హోటలుందట, బ్యాండుని అక్కడికి పంపుతారు. ఆ మాట రాయడానికి నాలుగు రోజులు ఆలోచించాను. దాచడం ఎందుకని రాసేస్తున్నాను. వారానికొక ఉత్తరం తప్పకుండా రాస్తాను.

మావయ్య నిన్ను తిడతాడేమో. నా మీద పెట్టి చెప్పు. నాకింత అవకాశం మళ్ళీ రాదని నీకంటే బాగా ఎవరికి తెలుసు? నీకు కష్టంగా లేదు కదా?

త్యాగరాజు


విజయనగరం,
అక్టోబరు 17.

బావకి,

పెట్టె పూర్తయింది. నిన్న పార్సిల్లో వేశాను.

బొబ్బిలి వైపు నుంచి ఎల్లాజీ అనే వడ్రంగిని పిలిపించాను. వీణలు చేసే చెయ్యి. అదే తంటా అయింది. పనస చెక్క తెచ్చి, వీణ కుండలాగా పల్చగా చివ్వేస్తున్నాడు. తట్టి వినిపించి 'సూడమ్మా, ఎలా పలకతన్నాదో' అని మురిసిపోయాడు. పెట్టె పలకకూడదు బాబూ, స్పీకరు ఒక్కటే పలకాలి, పెట్టె కదలకుండా నోరు మూసుకుని ఉండాలి అన్నాను. 'పలకని కర్ర నానెందుకు సెయ్యాలి?' అని ఉలి కింద పెట్టేసి పోయి, రెండు రోజులు రాలేదు. మూడో రోజు నాన్న రిక్షాలో వెళ్ళి బతిమాలి తీసుకొచ్చాడు. అంగుళం మందం టేకు పలకలతో చేశాడు గానీ, చేసినంతసేపూ నా మొహం చూడలేదు.

వెనక పలక పన్నెండు మరలతో బిగించాను. తియ్యకు. లోపల అన్నీ సరిచూసే బిగించాను.

పైడితల్లమ్మ పండగ బాగా జరిగింది. నాన్న కులాసా. మహారాజులా వెళ్ళు, పేరు తెచ్చుకో.

సుభద్ర


విజయనగరం,
అక్టోబరు 21.

బావా,

ఈ ఉత్తరం అందగానే మిగతా పనులన్నీ ఆపు. పెట్టెకి హెడ్ తగిలించకు. తగిలించి ఉంటే స్విచ్చి వెయ్యకు.

పొరపాటు జరిగింది. పండగ పదిరోజులూ మైకు హారన్లు కలిపీ కలిపీ, ఆ అలవాటులో నీ స్పీకర్లు కూడా పక్కపక్కన కలిపేశాను. ఇప్పుడది నాలుగు ఓములు. వెనక పలక తీసి, వైర్లు విప్పి, వరసగా కలిపించు. వర్క్‌షాపులో ఎవరైనా చేసిపెడతారు. పది నిమిషాల పని. కింద బొమ్మ గీశాను.

అందిందని వెంటనే ఒక కార్డు ముక్క రాయి.

సుభద్ర


ఖరగ్‌పూర్,
నవంబరు 8.

సుభద్రకి,

నీ ఉత్తరం ఇరవై నాలుగున అందింది. కార్డు కావాలనే రాయలేదు. రెండు వారాలు నువ్వు ఎదురుచూడాలనిపించింది. అంత కోపం వచ్చింది నాకు.

పెట్టె ఇరవైనే వచ్చింది. తియ్యకు అన్నావు గనకే వెనక పలక తీశాను. పెళ్ళయిన కొత్తలో ఏ రేడియో విప్పినా నా చేతికి స్క్రూడ్రైవరు ఇచ్చి 'చూడు, నేర్చుకో' అనేదానివి. లోపల చూడొద్దని నువ్వు నాకెప్పుడూ చెప్పలేదు.

చూశాను. నీ అతుకు నాకు తెలుసు. మిరియపు గింజంత గుండ్రంగా, మెరుస్తూ, ఒక్కసారికే పట్టేస్తుంది. ఈ వైర్లకి రెండేసి అతుకుల గుర్తులున్నాయి. ముందు వరసగానే కలిపావు. ఆ తర్వాత దాన్ని కరిగించి, విడదీసి, పక్కపక్కన కలిపావు. అలవాటులో చెయ్యి పొరపడితే మొదటిసారే పొరపడుతుంది. సరిగ్గా చేసినదాన్ని విప్పి తప్పుగా చెయ్యదు. పోనీ, పొరపాటు జరిగిందన్న ఆ ఉత్తరంలోనైనా నిజం రాయకూడదా?

నేనే కూర్చుని సరిచేశాను. తర్వాత స్విచ్చి వేశాను. ఎలా మోగిందని చెప్పను! మెస్సులో వంట చేసే గురమ్మ గరిటె పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. గంగరాజు నోరు మూసుకోవడం అదే మొదటిసారి. నేను మీటిన ప్రతి తీగా నేను అనుకున్నట్టే పలికింది. అంత బాగా మోగుతుంటే నాకు ఏడుపొచ్చింది. పాడుచెయ్యాలనుకున్న చెయ్యే దాన్ని అంత బాగా చేసింది మరి.

నాలుగున కలకత్తాలో వాయించాను. రెండో పాట సగంలో ఉండగానే చాలన్నారు. తీసుకున్నారు. సంతకం పెట్టి కాయితం పద్దెనిమిదో తారీకులోపల పంపమన్నారు.

ఆ రోజు నేను పలక తియ్యకుండా స్విచ్చి వేసుంటే ఏమయ్యేదో నీకు తెలుసు. ఆ ట్రాన్స్‌ఫార్మరు ఈ దేశంలో దొరకదు. డిక్రూజ్ దొర ఇంకోటి ఇవ్వడానికి ఇక్కడ లేడు. నువ్వు నన్ను ఆపాలనుకుంటే ఆపొచ్చు, అడగొచ్చు, ఏడవొచ్చు. నా చేతిలో వస్తువు కాల్చేస్తావా?

మహారాజులా వెళ్ళు అని రెండుసార్లు రాశావు. వైర్లలో వద్దని రాశావు. ఏది నీ మాట? నేను కాయితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఈసారి 'నువ్వు కాదనవని తెలుసు' అని రాయను. నిజంగా అడుగుతున్నాను. వెళ్ళమంటే వెళ్తాను, మళ్ళీ ఈ మాట ఎత్తను. వద్దంటే వాళ్ళకి రానని రాసేస్తాను.

త్యాగరాజు


విజయనగరం,
నవంబరు 12.

బావా,

నీ ఉత్తరం తెర వెనక కూర్చుని చదివాను. నాన్న అడిగితే ఈసారి ఏదీ మింగలేదు, మొత్తం పైకి చదివాను. నేను చేసిన పని ఆయనకి అప్పుడే తెలిసింది. 'నీకు పని నేర్పింది ఇందుకేటే?' అన్నాడు. బావా, నేను పుట్టినప్పటి నుంచీ ఆయన నన్ను తిట్టిన తిట్లన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క మాటా ఒక ఎత్తు.

నువ్వు రాసింది అక్షరాలా నిజం. ముందు వరసగానే కలిపాను. మన మైకుసెట్టు ఆంప్లిఫయరుకి తగిలించి గ్రామఫోను రికార్డు పెట్టి చూశాను. ఆ చప్పుడు విని నాన్న గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చి, పెట్టె ముందు కూర్చున్నాడు. రికార్డు అయ్యేదాకా కదల్లేదు. అయ్యాక నెమ్మదిగా అన్నాడు. 'ఇంత బాగా మోగితే ఆడింక రాడే.'

ఆయన భోజనానికి లోపలికెళ్ళాక వెనక పలక విప్పాను. చెయ్యి వణకలేదు. అది నీకు చెప్పాలి, వణికిందని రాస్తే అదింకో అబద్ధం. గొంతు పీలగా వస్తే వాళ్ళు వద్దంటారు, నువ్వు వచ్చేస్తావు, అంతవరకే ఆలోచించాను. పార్సిలు వెళ్ళిపోయాకే మిగతాది తట్టింది. మూడు రోజులు అన్నం ముందు కూర్చుంటే హెడ్‌లోంచి పొగ వస్తున్నట్టే కనిపించింది. అప్పుడు రాశాను. అప్పుడు కూడా నా పరువు చూసుకుని హారన్ల మీద తోసేశాను. నా తప్పే. ఇంకెవరైనా నీ వస్తువుకి అలా చేసుంటే నేనే వెళ్ళి జుట్టు పట్టుకునేదాన్ని.

కానీ నువ్వు కూడా ఒకటి ఒప్పుకో. నువ్వు అడిగిన ప్రశ్నల్లో వద్దనడానికి చోటు ఎక్కడుంచావు? కష్టంగా లేదు కదా అని అడిగితే ఉందని ఎవరు చెప్తారు? పెదనాన్న నవ్వు గుర్తుచేసి, ఇంత అవకాశం మళ్ళీ రాదని చెప్పి, ఆ తర్వాత నా ఇష్టం అడిగావు. నేను అడ్డుపడ్డ పెళ్ళాన్ని కాకూడదనుకున్నాను. నాలుగు నెలలు మంచిదాన్నై ఉండి, చివరికి దొంగనయ్యాను.

ఇప్పుడు సూటిగా అడిగావు. సూటిగా చెప్తున్నాను.

వెళ్ళకు. సంతకం పెట్టకు. వచ్చెయ్యి.

ఈ ఊళ్ళో నీ గిటారుకి హోటళ్ళు లేవు. పెళ్ళిళ్ళకి పిలుస్తారు, నువ్వు కళ్ళు మూసుకుని వాయిస్తుంటే మధ్యలో ఎవడో మైకు లాక్కుని భోజనాలకి రెండో పంక్తి వాళ్ళని లేవమని అరుస్తాడు. గుమాస్తా పనికి వాల్తేరు బదిలీ అడిగితే ఇస్తారో ఇవ్వరో తెలీదు. ఇవ్వకపోతే కొట్టులో నాన్న కుర్చీ ఉంది. నీకు నష్టమే. కలకత్తాలో నువ్వయ్యే మనిషివి ఇక్కడ కావు. అది నాకు తెలుసు. తెలిసే అడుగుతున్నాను. నీ మంచి కోసం కాదు, నాన్న కళ్ళ కోసమూ కాదు. నాకోసం. రెండేళ్ళుగా పక్కన మనిషి లేకుండా నేను ఏమవుతున్నానో ఏ ఉత్తరంలోనూ రాయలేదు. రాయడం నాకు చేతకాదు. ఇంకో రెండేళ్ళు మాత్రం నేనుండలేను.

వచ్చాక ఒకరోజు నీకు బాధ పుడుతుంది. ఏ రేడియోలోనో ఎవడో గిటారు వాయిస్తుంటాడు, ఆ చోట నేనుండాల్సింది అనుకుంటావు. ఆ రోజు నన్ను తిట్టు. ఎంత తిట్టినా పడతాను. కానీ ఉత్తరంలో కాదు బావా, నా ఎదురుగా కూర్చుని తిట్టు.

సుభద్ర